కాలు ఎంత దూరం అందుతుందో కాదు, పడిపోకుండా ఎంత దూరం అందుతుందో చెప్పండి

నాలుగు కాళ్ల రోబో పల్టీ కొట్టిన వీడియో వచ్చిన ప్రతిసారీ ఒకటే గోల, ఇంక మనుషుల పని అయిపోయిందంట. పల్టీ బానే ఉంది, కాదనట్లేదు. కానీ అదే రోబోని ఒక కాలు మెల్లగా లేపి ఎత్తు మెట్టు మీద పెట్టేముందు కాసేపు గాల్లోనే ఆపమనండి, అప్పుడు బయటపడుద్ది అసలు సంగతి.

స్పెక్ షీట్లలో కాలి వర్క్‌స్పేస్ అని రంగురంగుల బొమ్మ వేస్తారు చూడండి, నా మంట దాని మీదే. బాడీని స్టాండ్‌కి బిగించి జాయింట్లు తిప్పితే పాదం ఎక్కడెక్కడికి అందుతుందో ఆ చోటంతా అన్నమాట. మరి నేల మీద ఆ స్టాండ్ ఏది? మిగతా మూడు కాళ్లే కదా!

పాదాలు 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు దీర్ఘచతురస్రంలో ఉన్నాయనుకోండి, బరువు కరెక్టుగా మధ్యలో. ముందు కుడికాలు లేపగానే కింద మిగిలేది త్రిభుజం, దాని పొడుగు అంచేమో సరిగ్గా ఆ మధ్యలోంచే పోతుంది, అంటే మార్జిన్ (బరువు ఆ త్రిభుజం అంచుకి ఎంత లోపల ఉందో ఆ దూరం) సున్నా, బరువు అంచు దాటితే రోబో పడిపోద్ది. 5 సెం.మీ. మార్జిన్ కావాలంటే బాడీని అంతకంటే కాస్త ఎక్కువే ఎడమ వెనక కాలి వైపు జరపాలి. కాలు పోవాల్సింది ముందుకి, బాడీ పోయింది వెనక్కి! బొమ్మలో చూపించిన దూరంలో కొంత అక్కడే హుష్‌కాకి. పోనీ కాలు పూర్తిగా చాపుదామంటే మోకాలు నిటారై సింగులారిటీ, అంటే జాయింట్ తిప్పినా పాదం ఆ వైపు కదలని స్థితి, ఇంక ఆ వైపు కంట్రోల్ ఉండదు. మిగతా కాళ్లు వంచి కిందకి దిగుదామా అంటే మోకాలి మోటార్ల మీద లోడు పెరిగిపోద్ది. (ఆరు కాళ్ల వాటికి ఈ తంటా తక్కువ, ఒకటి విడిచి ఒకటి మూడు లేపినా బరువు మిగతా మూడింటి మధ్యలోనే ఉంటుంది.)

ఇప్పుడు కొందరు వస్తారు, ఈ స్టాటిక్ (కదలకుండా నిలబడే) లెక్కలు పాతవి బ్రో, ఇప్పుడంతా డైనమిక్ (కదుల్తూనే బ్యాలెన్స్ చేసుకోవడం) అని. 1980ల్లోనే అమెరికా రోబో ఇంజనీరు మార్క్ రైబర్ట్ ఒంటికాలి రోబోని గెంతించాడు, కరెక్టే, కానీ అది నిలబడిందెలా? పడబోయే వైపు టైముకి పాదం వేసి. పక్కనుంచి గట్టిగా నెట్టినప్పుడు పాదం పడాల్సిన చోటు కాలికి అందకపోతే ఎంత గొప్ప కంట్రోలర్ ఉన్నా నేల కరవాల్సిందే. అంటే డైనమిక్‌లో కూడా స్టెబిలిటీ, వర్క్‌స్పేస్ వేర్వేరు చాప్టర్లు కావు, పుస్తకాల్లోనే అలా విడగొట్టారు.

2015లో డార్పా (అమెరికా రక్షణ పరిశోధన సంస్థ) పెట్టిన రోబో పోటీ ఫైనల్స్ గుర్తుందా, కొన్ని రోబోలు తలుపుల దగ్గరే దబేల్ దబేల్మని పడ్డాయి. గెలిచిన కొరియా రోబో డీఆర్‌సీ హ్యూబో ఏం చేసిందంటే చదును నేల మీద మోకాళ్ల మీద కూర్చుని చక్రాలతో దొర్లుకుంటూ పోయింది. నన్నడిగితే అక్కడ అందరికంటే తెలివిగా ఆలోచించింది ఆ టీమే.

కంపెనీల వాళ్లని అడిగేది ఒకటే. వీపు మీద ఫుల్ లోడ్ పెట్టి, 20 డిగ్రీల వాలు మీద మూడు కాళ్ల మీద నిలబెట్టి, నాలుగోదానికి ఆ రంగుల బొమ్మ మళ్లీ వేయండి. ఎంత మిగుల్తదో మేమూ చూస్తాం.