కాలువకు ఎగువన అంతా క్షేమం

నది ఒడ్డున నీటి నాణ్యత పర్యవేక్షణ కేంద్రం అన్న బోర్డు కనిపిస్తే, అక్కడి నుంచి కొంచెం దిగువకు నడిచి చూడండి. మురుగు కాలువ నదిలో కలిసే చోటు తప్పకుండా అక్కడే ఉంటుంది. దీన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేస్తే, జాతీయ పర్యవేక్షణ కార్యక్రమాన్ని రూపొందించిన పెద్దల మేధాశ్రమను అవమానించినట్టే అవుతుంది.

2030 నాటికి నీటి కాలుష్యాన్ని తగ్గిస్తామనీ, శుద్ధి చేయని వ్యర్థజలాల వాటాను సగానికి దించుతామనీ ప్రపంచ దేశాలు 2015లో ఐక్యరాజ్య సమితిలో మాట ఇచ్చాయి. ఇచ్చినవి నీటి మూటలు కావని రుజువు చేయడానికి 6.3.2 అనే సూచిక ఒకటి ఏర్పడింది. తమ నదులు, సరస్సులు, భూగర్భ జలాల్లో ఎంత శాతం మంచి స్థితిలో ఉన్నాయో ప్రతి దేశమూ దాని కింద చెప్పాలి. పంపవలసింది ఒక్క శాతమే కాబట్టి, కార్యక్రమ రూపకల్పన కూడా ఆ శాతం దగ్గరే మొదలై వెనక్కి నడుస్తుంది.

స్థల ఎంపిక సంఘం పని తీరు చూడవలసిన ఘట్టం. కాలువ కలిసిన చోటికి దిగువన నమూనా తీద్దామని ఒకరు ప్రతిపాదిస్తే, ఆ నీరు నదికి ప్రాతినిధ్యం వహించదని తోసిపుచ్చుతారు. పట్టణానికి తాగునీరు తోడే చోట తీద్దామని ఇంకొకరు అంటే, ప్రజలు ఆందోళన చెందుతారని వాయిదా వేస్తారు. చివరకు ఎగువనున్న వంతెన సర్వసమ్మతమవుతుంది. అక్కడికి తారు రోడ్డుంది, చెట్టు నీడ ఉంది, నీరు తేటగా ఉంది. "కాలువ కిందనుంది కదండీ?" అని కొత్తగా చేరిన కెమిస్టు అమాయకంగా అడుగుతాడు. "అందుకే నాయనా, పైన పెట్టాం. మనకు అప్పగించింది నదిని కొలవమని, కాలువను కాదు" అని అధ్యక్షులవారు శాంతంగా బోధిస్తారు. నిజానికి ఎగువన ఒక కేంద్రం ఉండవలసిందే, దిగువన దానికి జోడీ ఉన్నప్పుడు. రెండింటి మధ్య తేడాయే కాలువ చేసిన పని. జోడీని కత్తిరించి సగాన్నే నది అనడం మాత్రం సంఘం వారి సొంత ఆవిష్కరణ.

స్థలం కుదిరాక ముహూర్తం. పచ్చగా నాచు పట్టిన నీటిలో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నానికి పెరుగుతుంది, రాత్రంతా తరిగి తెల్లవారకముందు అట్టడుగుకు చేరుతుంది. చేపలు చచ్చేది అప్పుడే. కార్యాలయం తెరిచి, జీపు కదిలి, సిబ్బంది నది చేరేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. గాజు సీసాను గాలి బుడగ చేరకుండా నీటిలో ముంచి నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షారంలో కలిపిన అయోడైడు వేస్తే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. ఆక్సిజన్ లేకుంటే అది తెల్లగానే ఉండిపోయేది. రంగు చూసి అందరూ సంతృప్తి చెందుతారు. నదిని వేకువన పలకరించాలన్న నిబంధన ఏ దస్త్రంలోనూ ఉండదు.

గణితం ఇంకా ఉదారమైనది. ఈ సూచిక మొదటి స్థాయిలో ఉపరితల జలాలకు, అంటే నదులకు, సరస్సులకు, కొలవవలసినవి ఆక్సిజన్, లవణీయత, నత్రజని, భాస్వరం, ఆమ్లత. సేకరించిన విలువల్లో కనీసం 80 శాతం లక్ష్యానికి లోబడితే ఆ జలం మంచిది. అయిదింటినీ సమానంగా కొలిచి, ఆక్సిజన్ ప్రతిసారీ విఫలమై, తక్కినవి ప్రతిసారీ నెగ్గితే సరిగ్గా 80 శాతం వస్తుంది. చేప బతకని నది ఉత్తీర్ణమైందన్న మాట! పైగా లక్ష్య విలువలను ఏ దేశానికి ఆ దేశం నిర్ణయించుకోవచ్చు; పరీక్ష రాసే విద్యార్థే ప్రశ్నపత్రం కూర్చుకునే ఏర్పాటిది.

ప్రయోగశాలలు అరకొరగా ఉన్న దేశాలు కూడా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలని ఆ జాబితాను చిన్నదిగా ఉంచారు. లోహాలు, పురుగుమందులు, రోగకారక క్రిములు కలుపుకోవడానికి రెండో స్థాయి ఉంది. గుమ్మంగా వేసిన దాన్ని ఇంటి కప్పుగా చేసుకున్నది మన సంఘాలే. భూగర్భ జలానికి మొదటి స్థాయిలో ఉన్నవి లవణీయతను పట్టిచ్చే విద్యుద్వాహకత, నైట్రేటు, ఆమ్లత, అంతే. ఆ జాబితాలో లేని ఆర్సెనిక్ అనే విషానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీటిని ఏళ్ల తరబడి తాగిన మనిషికి అరచేతులు గరుకెక్కుతాయి, చర్మం మీద మచ్చలు లేస్తాయి, ఆ తర్వాత క్యాన్సరు రావచ్చు. తమ నేలలో ఆర్సెనిక్ ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పిన తర్వాత కూడా, ఫారంలో గడి లేదు గనుక కొలవలేదని, ఆ బోరును మంచి జలాల లెక్కలో వేసి సంతకం పెట్టే అధికారికి సిగ్గు లేదా? ఆ నీరు తన ఇంటి కొళాయిలో వస్తే ఫారంలో గడి ఉందో లేదో చూస్తాడా?

ఎవరు ఏ నీరు తాగుతున్నారు, అందులోకి ఏది వచ్చి కలుస్తోంది అన్న రెండు ప్రశ్నలతో మొదలైతే కేంద్రాలు ఎక్కడ పెట్టాలో, ఏవి కొలవాలో, ఎప్పుడు కొలవాలో అవే తేలతాయి. ఆ తర్వాత కావలసింది ఏటేటా డబ్బు. విరాళంగా వచ్చిన యంత్రానికి రిబ్బను కత్తిరిస్తారు గానీ, అది నడవడానికి కావలసిన గ్యాసు సిలిండరుకు, రసాయనాలకు, జీపు డీజిలుకు ఎవరూ పూలదండ వేయరు. బడ్జెట్టు బిగుసుకున్నప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ పద్దే. దాన్ని కొట్టేయవచ్చని సూచించేది కూడా, శాతం పంపేశాం గనుక నీటితో ఇక పని లేదనుకునే ఈ సంఘమే.