వాయువు మీద చేసిన పనికి ‘ఒక్క సూత్రం’ చాలదు

ఇంటర్ ఫస్టియర్ పిల్లల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “వాయువు మీద చేసిన పని ఎట్ల అడిగినా పీడనాన్ని ఘనపరిమాణంలో మార్పుతో గుణిస్తే చాలు. ఉష్ణోగ్రత మారకపోతే పని సున్నా. పనికి వేసే ప్లస్, మైనస్ గుర్తు విషయంలో ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాల్లో ఒకటి తప్పు.” నల్లగొండలో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే అమ్మాయి దేవరకొండ బస్సు దిగుతూనే వచ్చి, “సార్, ఏ పుస్తకం తప్పు?” అని అడిగింది. పరీక్షల ముందు పిల్లలను ఇట్ల గాబరా పెట్టడం నాకు బాధనిపించింది. అందుకే ఈ జవాబు.

ముందు మొదటి మాట సంగతి. పీడనంతో గుణించమన్నారు సరే, ఏ పీడనంతో? ఒక మోల్ ఆదర్శ వాయువును 300 కెల్విన్ దగ్గరే ఉంచి 10 లీటర్ల నుంచి 5 లీటర్లకు నొక్కుదాం. మొదట్లో పీడనం సుమారు 249 కిలోపాస్కల్స్. దానితో గుణిస్తే 1247 జౌల్స్. చివర్లో పీడనం రెట్టింపవుతుంది, దానితో గుణిస్తే 2494. లెక్క ఒకటే, జవాబులు రెండు! నొక్కుతున్న కొద్దీ పీడనం పెరుగుతూ పోతుంది కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా కూడుకుంటూ పోవాలి. పీడనం–ఘనపరిమాణం గ్రాఫులో గీత కింది వైశాల్యం అంటే అదే. మెల్లగా, ఉత్క్రమణీయంగా (ఎక్కడ ఆపినా అదే దారిలో వెనక్కి తిప్పగలిగేలా) నొక్కితే ఆ కూడిక వాయు స్థిరాంకం × ఉష్ణోగ్రత × 2 సహజ సంవర్గమానం: 8.314 × 300 × 0.6931, అంటే సుమారు 1729 జౌల్స్.

ఇక్కడ పిల్లలు గమనించాల్సింది ఇంకొకటుంది. చివరి పీడనానికి సరిపడా బరువంతా పిస్టన్ మీద ఒక్కసారే పెడితే నిజంగానే 2494 జౌల్స్ పడుతుంది, ఎందుకంటే అప్పుడు బయటి పీడనం మారదు. సూత్రంలో వేయాల్సింది ఆ బయటి పీడనమే. 1247 మాత్రం ఎట్ల నొక్కినా రాదు. 300 కెల్విన్ పరిసరాల్లో 1729 కంటే తక్కువ పనితో ఆ వాయువు ఆ స్థితికి చేరదు. అదే శూన్యంలోకి వ్యాకోచిస్తే బయటి పీడనం సున్నా, పనీ సున్నా. 1845లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ చేసిన ప్రయోగం ఇట్లాంటి వ్యాకోచం మీదే.

ఉష్ణోగ్రత మారకపోతే పని సున్నా అన్న మాటకు పై 1729 జౌల్సే జవాబు. సున్నా అయ్యేది ఆదర్శ వాయువు అంతర్గత శక్తిలో, అంటే దాని అణువుల కదలికల శక్తిలో, మార్పు. చేసిన పనంతా ఉష్ణంగా బయటికి పోతుంది. పంక్చర్ షాపులో చేతిపంపు నాలుగుసార్లు గట్టిగా కొట్టి అడుగున వాల్వు దగ్గర వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. రాపిడి ఒక్కటే కారణమైతే పిస్టన్ రుద్దుకునే గొట్టం పొడవునా వేడెక్కాలి. అడుగునే ఎక్కువ వేడి ఎందుకంటే, గాలి నలిగేది అక్కడే. ఆ ఉష్ణాన్ని అసలు బయటికి పోనియ్యకుండా, అంటే అడయబాటిక్‌గా, అదే మోల్‌ను మెల్లగా సగానికి నొక్కితే గాలి లాంటి వాయువు 396 కెల్విన్‌కు చేరుతుంది, పని సుమారు 1992 జౌల్స్ అవుతుంది. దారి మారితే పని మారుతుంది.

ఇక గుర్తు. రెండు పుస్తకాలూ ఒప్పే. ఫిజిక్స్‌లో పని అంటే వాయువు చేసిన పని: ఇచ్చిన ఉష్ణం = అంతర్గత శక్తిలో మార్పు + పని. కెమిస్ట్రీలో పని అంటే వాయువు మీద చేసిన పని: అంతర్గత శక్తిలో మార్పు = ఉష్ణం + పని. మన లెక్కలో ఒకచోట పని మైనస్ 1729, ఇంకోచోట ప్లస్ 1729. ఆ అమ్మాయితో రెండు సమీకరణాల్లోనూ వేయించాను. రెండింట్లోనూ ఉష్ణం మైనస్ 1729 జౌల్సే వచ్చింది.