టికెట్టు తెగితే మార్కులా?

క్రిస్మస్ నాడు మనీలాలో సినిమాకు బయల్దేరిన కుటుంబానికి హాలీవుడ్ బొమ్మ దొరకడం కష్టం. డిసెంబరు 25 నుంచి జనవరి మొదటి వారం దాకా అక్కడి హాళ్లను దాదాపుగా ఫిలిప్పీన్స్ సినిమాలకే అప్పగిస్తారు. 1975లో మొదలైన మెట్రో మనీలా చలనచిత్రోత్సవానికి దక్కిన రక్షణ ఇది. విదేశీ పోటీ ఉండదు. ఆ రోజుల వినోదపు పన్నును కూడా స్థానిక సంస్థలు వదులుకుంటే, ఆ సొమ్ము సినీ కార్మికుల సంక్షేమం వంటి పనులకు చేరుతుంది. ఇంత గారాబం ఎందుకంటే, పండగపూట ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పిల్లలు, సొంత భాషలో సొంత కథ చూడాలని. మంచి మాటే. ఆ మాట చెప్పిన ఉత్సవ నిర్వాహకులే పిల్లల సినిమాను తూచాల్సి వచ్చేసరికి గల్లాపెట్టె తెరిచి చూస్తున్నారు. మాకు మింగుడుపడనిది అదే.

2006 ముచ్చటతో మొదలుపెడదాం. ఆ ఏడాది ‘ఎంతెంగ్ కబిసోతె’ మూడో భాగం ఉత్తమ చిత్రమైంది. 1987లో టీవీలో మొదలైన హాస్య ధారావాహికలోంచి నడిచొచ్చిన పాత్ర అది. మామూలు మనిషి, దేవకన్య పెళ్లాం, అల్లుడంటే గిట్టని మాయల అత్త, ఎంగ్‌కంతాస్యా అనే అద్భుత లోకం. మన పాత జానపదాలు చూసినవారికి ఈ సరంజామా కొత్త కాదు. పిల్లలు విరగబడి చూశారు, పడీపడీ నవ్వారు. అందులో తప్పేమీ లేదు. తప్పంతా మార్కుల పట్టికలో ఉంది. ఉత్తమ చిత్రాన్ని తేల్చే మార్కుల్లో సగం వసూళ్లకే రాసిపెట్టారు. టికెట్టు తెగినప్పుడు నిర్మాతకు డబ్బు వచ్చింది. అదే టికెట్టుకు మళ్లీ మార్కు వచ్చింది. ఒక్క టికెట్టును రెండుసార్లు లెక్కపెట్టే ఈ విద్య ఆ ఏడాదితో ఆగిపోయి ఉంటే ఇవాళ ఈ ప్రస్తావనే ఉండేది కాదు.

ఆగలేదు. 2016లో ఉత్సవ కమిటీ కొంత ధైర్యం చేసింది. స్క్రిప్టు చూసి కాదు, పూర్తయిన సినిమా చూసే ఎంపిక చేస్తామంది. ఎంతెంగ్ పదో భాగానికి చోటు దొరకలేదు. మనుషుల్నీ గీసిన బొమ్మల్నీ కలిపి పదేళ్లకు పైగా చెక్కిన ‘సేవింగ్ శాలీ’ లోపలికొచ్చింది. మరుసటి ఏడే కథ అడ్డం తిరిగింది. సగం సినిమాల్ని మళ్లీ స్క్రిప్టు మీదే ఎంపిక చేశారు. స్క్రీన్‌ప్లే రచయిత రికీ లీ సహా ముగ్గురు కమిటీ నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత ప్రకటించిన ఎంపిక సూత్రం చూడండి: కళాత్మకతకు 40 శాతం, వాణిజ్య ఆకర్షణకు 40 శాతం, ఫిలిపినో సంస్కృతికి 10, ప్రపంచ స్థాయికి 10. అంత రభస తర్వాత, అవార్డులో 50గా ఉన్న వసూళ్ల మార్కు ఎంపికలో 40గా తిరిగొచ్చిందన్నమాట!

ఇంకా తీయని సినిమాకు వాణిజ్య ఆకర్షణ మార్కులు ఎలా వేస్తారు? కాగితం మీద ఉన్నవి రెండే, కథ, నటుడి పేరు. కథకు వసూళ్ల చరిత్ర ఉండదు. నటుడికి ఉంటుంది. కాబట్టి మార్కు నటుడికే పడుతుంది. పెద్దల సినిమాకు ఇది కొంత నష్టం. పిల్లల సాహస చిత్రానికి మాత్రం చావుదెబ్బ, ఎందుకంటే పన్నెండేళ్ల కుర్రాడికి వసూళ్ల చరిత్ర ఎక్కడినుంచి వస్తుంది?

ఇక చిత్రీకరణ లెక్కలు. 2003 నాటి 9231వ చట్టం ప్రకారం ఫిలిప్పీన్స్‌లో 15 ఏళ్లలోపు పిల్లలతో రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలు మించి పని చేయించకూడదు. రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా అసలే కూడదు. చాలా మంచి చట్టం. దాని ఖరీదు మాత్రం షెడ్యూలులో కనిపిస్తుంది. పెద్ద నటుడితో 12 గంటల్లో ఒక్కరోజున ముగిసే పని పిల్లవాడితో మూడు రోజులు. ముక్కు, చెవులు అతికించే మేకప్‌కు గంటన్నర పోతే కెమెరాకు మిగిలేది రెండున్నర గంటలు. ఫిలిపినో జానపదాల్లోని గుర్రం తల భూతం టిక్బాలాంగ్ ఎదురయ్యేది అర్ధరాత్రి అడవిలో కదా, పిల్లవాడిని రాత్రి నిలబెట్టే వీల్లేదు. పగలే తీసి, ఎక్స్‌పోజర్ తగ్గించి, తర్వాత నీలం రంగు పులమాలి. ఆకాశం ఫ్రేములోకి వచ్చినా, నేల మీద ఎండ నీడ పడినా దొంగతనం బయటపడుతుంది.

గ్రాఫిక్స్ సంగతి మరీ ఘోరం. తర్వాత మాయలోకాన్ని అతికించడానికి నటుడి వెనక కట్టే ఆకుపచ్చ తెరకు అతను కనీసం రెండు, మూడు మీటర్ల దూరంలో లేకపోతే ఆ పచ్చదనం చెంపల మీదకీ జుట్టు అంచులకీ అంటుకుంటుంది. అంటితే ఫ్రేము ఫ్రేముకూ చేత్తో కత్తిరించుకోవాలి. సెట్లో లెన్సు ఎంత, కెమెరా ఎత్తెంత, వెలుగు ఏ పక్కనుంచి అని ఎవరూ రాసిపెట్టుకోకపోతే రాక్షసుడి పాదాలు నేలకు ఆనవు, గాల్లో తేలతాయి. ఇలాంటి సినిమాల్లో మనం నవ్వుకునే తప్పుల్లో చాలావాటికి మూలం కంప్యూటరు దగ్గర కాదు, హడావుడిగా ముగించిన ఆ షూటింగు దగ్గరే ఉంటుంది. నిమిషం సినిమాకు 1,440 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి, అంటే కంప్యూటరులో తుది బొమ్మగా తయారు కావడానికి, అరగంట అనుకుంటే 720 గంటలు, అంటే ఒక్క యంత్రానికి 30 రోజులు. 15 యంత్రాలు పెట్టినా నిమిషానికి రెండు రోజులు. ఇరవై నిమిషాల మాయలోకానికి 40 రోజులు. దర్శకుడు రాక్షసుడి కొమ్ము కొంచెం వంచమంటే ఆ సీను మళ్లీ మొదటికి. స్క్రిప్టు జులైలో ఎంపికై, బొమ్మ డిసెంబరు 25న తెర మీద పడాలంటే మధ్యలో ఉన్నది అయిదు నెలలు. రోజుకు 4 గంటల పిల్లలు, 40 రోజుల రెండరింగు, పైన సెన్సారు, ప్రచారం, ఈ అయిదు నెలల్లో దేన్ని ఎక్కడ ఇరికిస్తారు?

నిర్మాత దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టాడు. పిల్లవాడిని పక్కన పెట్టి యాభై దాటిన హాస్యనటుడిని హీరో చేస్తే 12 గంటలూ, రాత్రిళ్లూ చేతికొస్తాయి, వాణిజ్య ఆకర్షణ మార్కులూ వస్తాయి. పిల్లలు వెనకాల గుంపులో ఉంటారు. పోస్టరు మీద మాత్రం పిల్లల సినిమా! 1996లో ఇదే ఉత్సవంలో ఉత్తమ చిత్రంగా నిలిచిన ‘మ్యాజిక్ టెంపుల్’కు హీరోలు ముగ్గురు కుర్రాళ్లే. పెకె గల్యాగా, లోరె రేయెస్ కలిసి తీశారు. ఆ గల్యాగా చివరి రోజుల దాకా ఆశ పెట్టుకున్న ‘మ్యాజిక్‌ల్యాండ్’లోనూ సాహసం పిల్లలదే. 2020 మే నెలలో ఆయన పోయారు. డిసెంబరులో ఆ సినిమా విడుదలయ్యేసరికి కరోనా దెబ్బకు ఉత్సవమే ఆన్‌లైనుకు మారింది. పెద్ద తెర కోసం కట్టిన లోకాన్ని పిల్లలు ఇంట్లో చిన్న తెర మీద చూడాల్సొచ్చింది. దానికి నియమావళిని తప్పుపట్టలేం. మిగిలిన ఏళ్లకు మాత్రం తప్పుపట్టాల్సిందే.

హాళ్లు నిండకపోతే పరిశ్రమే బతకదని, జనం మెచ్చినదాన్ని కాదనడానికి కమిటీ ఎవరని నిర్మాతలు, హాళ్ల యజమానులు అంటారు. హాళ్లు నిండాలి, నిజమే. నిండిన హాలుకు ప్రతిఫలం గల్లాపెట్టెలోనే అందుతోంది, మార్కులు మళ్లీ ఎందుకు? జనం మెచ్చారన్న వాదన వెనక ఉన్నదీ చూడాలి. ఫిలిప్పీన్స్‌లో ఉద్యోగికి పదమూడో నెల జీతం డిసెంబరు 24లోగా చేతికందాలని చట్టం. దానికి తోడు పిల్లలకు నినోంగ్, నినాంగ్ (జ్ఞానస్నానపు తండ్రి, తల్లి) ఇచ్చే పండగ డబ్బులు. అయిదుగురున్న కుటుంబం ఆ సీజనులో చూసేది ఎక్కువగా ఒక్క సినిమా. ఒక్కటే చూడాలంటే ఎవరైనా తెలిసిన ముఖానికే టికెట్టు కొంటారు. మొదటి రెండు రోజులు ఖాళీగా పోయిన బొమ్మను మూడో రోజు హాలువాళ్లు ఎత్తేస్తారు, ఆ తెర నిండుతున్న బొమ్మకు పోతుంది. ఆ తర్వాత వచ్చే అంకెలో ప్రేక్షకుడి ఇష్టం ఎంత, హాళ్ల పంపకం ఎంత? సంక్రాంతికి థియేటర్ల కోసం జరిగే కొట్లాట ఏటా చూసే మనకు ఈ ప్రశ్న ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఇంట్లోనూ 1955 నుంచి ఉన్న బాలల చిత్ర సమితిని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేసి చేతులు దులుపుకొన్నారు. ఆ సంగతి మరోసారి.

కమిటీకి మా మాట సూటిగానే చెబుతున్నాం. విదేశీ సినిమాను ఆపించుకున్నారు, పన్ను వదిలించుకున్నారు, పండగ తేదీ మీదే, హాళ్లూ మీవే. ఇవన్నీ పిల్లల పేరు చెప్పి తెచ్చుకున్నవి. అలాంటప్పుడు ఏడాదికి కనీసం రెండు చోట్లయినా పూర్తయిన పిల్లల సినిమాలకు విడిచిపెట్టండి, వాటిని మూడో రోజు హాళ్లలోంచి ఎత్తేయకుండా చూడండి. వచ్చే ఏడాది నియమావళి అచ్చుకు వెళ్లేలోపు ఆ ‘వాణిజ్య ఆకర్షణ’ గడిని కొట్టేయండి. కొట్టేయడానికి చేతులు రాకపోతే పోస్టర్ల మీద పిల్లల పేరైనా వాడుకోకండి.