కొలోసియానికి రెండు వేల ఏళ్లుగా మరమ్మతే జరగలేదా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది: రోమ్‌లోని కొలోసియం 2000 ఏళ్లుగా మరమ్మతు లేకుండా, ఇనుము లేకుండా నిలబడింది, విరిగిన భాగం యుద్ధాల్లో పోయింది, గోడల గుంతలు తూటా దెబ్బలు, మన అపార్ట్‌మెంట్లేమో ఇరవై ఏళ్లకే పెచ్చులూడుతున్నాయి. ఇందులో చివరి మాట ఒక్కటే నిజానికి దగ్గర.

"మరమ్మతు జరగలేదు"

క్రీ.శ. 80లో ఆటల ప్రదర్శనశాలగా ప్రారంభమైన ఈ కట్టడం 217లో పిడుగుపడి తగలబడింది. పై అంతస్తుల్లోని చెక్క కాలిపోయింది. మళ్లీ ఆటలు మొదలవడానికి సుమారు ఐదేళ్లు పట్టింది, పనులు ఆ తర్వాతా సాగాయి. 5వ శతాబ్దపు భూకంపాల తర్వాత బాగుచేయించినవాళ్లు శాసనాలే వేయించుకున్నారు.

అవన్నీ పక్కన పెట్టినా, బయటి గోడ తెగిన రెండు చివర్లు చూస్తే చాలు. తూర్పు చివర 1806-07లో వాస్తుశిల్పి రాఫాయెల్ స్టెర్న్ కట్టించిన ఇటుక ఊతగోడ ఉంది. జారిపోతున్న కమాను రాళ్లను సర్దకుండా ఎక్కడివక్కడే ఉంచి కమానులను ఇటుకతో పూడ్చేశారు. రాళ్లు కిందికి జారిన తీరు ఇప్పటికీ కనబడుతుంది. పడమటి చివర 1820లలో మరో వాస్తుశిల్పి వలాదియె వేరే దారి పట్టాడు: పోయిన కమానుల ఆకారాన్నే మెట్లుమెట్లుగా తిరిగి కట్టాడు. ఈ రెండు ఊతలూ లేకుంటే ఫొటోల్లో మనం చూసే ఎత్తైన గోడ మిగిలేదా అన్నది అనుమానమే.

"ఇనుము లేదు, గుంతలు తూటాలవి"

బయటి గోడలో ట్రావెర్టైన్ (ఒక రకం సున్నపురాయి) రాళ్ల మధ్య సున్నం లేదు. రాయిని రాయికి పట్టి ఉంచింది ఇనుప బిగింపులే. వాటిని సీసం పోసి బిగించారు. మొత్తం 300 టన్నులని అంచనా. మధ్యయుగంలో జనం అతుకుల దగ్గర తొలిచి ఆ లోహాన్ని పెరుక్కుపోయారు. గుంతలు అతుకుల వెంటే వరుసగా ఉంటాయి. తూటాలు అంత లెక్కగా పడవు.

"యుద్ధాల్లో విరిగింది"

నీరో తవ్వించిన కొలనును ఎండగట్టి, అక్కడే సుమారు 12 మీటర్ల మందాన కాంక్రీటు పునాది వేశారు. దక్షిణం వైపు అడుగున మెత్తటి ఒండ్రు ఉంది, ఉత్తరం వైపు నేల గట్టిది. ఒండ్రు భూకంపపు ఊపును పెంచుతుంది. 1349 భూకంపంలో కూలింది దక్షిణపు బయటి గోడే. పడిన రాయిని ఊరే వాడేసుకుంది: 1452లో ఒక కాంట్రాక్టరు తొమ్మిది నెలల్లో 2,522 బండ్ల రాయి తోలుకెళ్లిన లెక్క ఉంది.

"వాళ్ల కాంక్రీటు ముందు మనదెంత"

సున్నం, అగ్నిపర్వత బూడిద, టఫ్ అనే అగ్నిపర్వత రాతి ముక్కలు కలిపిన ఆ కాంక్రీటు నిజంగా గట్టిదే. కానీ దాన్ని నొక్కుడు తట్టుకునేచోటే, అంటే పునాదుల్లో, కమాను కప్పుల్లో వాడారు. మన స్లాబు వంగుతుంది, అడుగు భాగం సాగుతుంది, అందుకే ఇనుప ఊచలు తప్పవు. ఊచ కింద 20 మి.మీ. కవరు (ఊచను కప్పే కాంక్రీటు పొర) లేకపోయినా, సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు చాలినచోట మేస్త్రీ పైపు పెట్టి నీళ్లు కలిపినా, తేమ ఊచదాకా చేరుతుంది. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులూడేది అందుకే.

ఊచలు లేకుండా రోమన్ పద్ధతిలో పడకగది కప్పాలంటే కమాను కప్పు వేయాలి, దాని తోపుడును ఆపడానికి మందపాటి గోడలు లేపాలి. 200 గజాల స్థలంలో అలా కడితే మంచం వేసుకోవడానికి చోటు వెతుక్కోవాలి.