అమ్మ చదివితే ఖజానాకు ముప్పు

బడికెళ్లే పిల్లలతో పాటు ఇంట్లోని అమ్మకూ నానమ్మకూ చదవడం, రాయడం నేర్పే ఊరి కేంద్రాలకు ప్రభుత్వాలు సరిగ్గా నిధులివ్వడం లేదని కొందరు తరచూ వాపోతుంటారు. పాపం, వీరికి రాష్ట్ర ఆర్థిక చరిత్ర తెలియదు. ప్రజాధనం మీద మమకారం ఉన్న పౌరుడిగా, ఆ డబ్బు ఇవ్వకపోవడంలోని దూరదృష్టిని వివరించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమాన్ని పొరపాటున నిజంగానే నడిపారు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాచకంలో సారా వల్ల గుల్లైన సంసారం కథ ఒకటి పెట్టారు. ఆ పాఠం పెట్టినవారికి ఎక్సైజ్ శాఖ ఎలా బతుకుతుందో బొత్తిగా తెలియదనుకోవాలి. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివారు పాఠం చదివి పుస్తకం మూసేయకుండా ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992 నాటికి ఆ జబ్బు జిల్లా అంతా పాకి సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చిపడింది. దాన్ని సడలించి ఖజానాను ఒడ్డున పడేయడానికి 1997 దాకా పట్టింది. నాలుగు పలకలు, ఒక వాచకం పుణ్యమా అని ఇంత నష్టం జరిగితే, ఏ ఆర్థిక శాఖ మాత్రం మళ్లీ చేయి చాస్తుంది?

అప్పటి నుంచి పాలకులు జాగ్రత్తపడ్డారు. 2009లో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్ర ప్రభుత్వ పథకం సాక్షర భారత్ మొదలైనప్పుడు ఊళ్లో చదువు చెప్పే ప్రేరక్‌కు నెలకు 2,000 రూపాయలు నిర్ణయించారు. అది కూడా నెలల తరబడి బకాయి పెట్టి, చదువు చెప్పాల్సిన మనిషిని జీతం కోసం ధర్నాకు కూర్చోబెట్టారు. 2018 మార్చిలో ఆ పథకానికే మంగళం పాడారు. 2022లో వచ్చిన నవ భారత్ సాక్షరతలో ఆ 2,000 బెడద కూడా లేదు, అంతా స్వచ్ఛంద సేవే. ఐదేళ్లకు, ఐదు కోట్ల మందికి కలిపి అంచనా 1,037.90 కోట్లు, అంటే తలకు దాదాపు 208 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నాటి మద్యం విధానం క్వార్టర్ సీసాను 99 రూపాయలకే అందించింది కనుక, ఒక అమ్మను అక్షరాస్యురాలిని చేసే సొమ్ముతో నాన్నకు రెండు క్వార్టర్లు వచ్చి, పల్లీలకు పది రూపాయలు మిగులుతాయి. ఈ రెండింటిలో ఏది తిరిగి ఖజానాకు చేరుతుందో లెక్కలు వచ్చినవారికి చెప్పనక్కర్లేదు, లెక్కలు రానివారు అడగరు.

స్థానికంగా డబ్బు పుట్టదా అంటారేమో, ఎప్పుడో పుట్టింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ సొమ్మును పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు దగ్గర ఎవరూ బద్ధకించరు; జమ దగ్గరే కొంచెం నెమ్మది, కొన్నిచోట్ల ఆ నెమ్మది ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ లోపు ఊళ్లో చిన్న గ్రంథాలయంలాంటి పుస్తక నిక్షిప్త కేంద్రంలో చెదపురుగులు ఏ నిధులూ లేకుండానే చదువు సాగిస్తుంటాయి.

ఈ కట్టుదిట్టం వృథా పోలేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర మహిళల అక్షరాస్యత 59 శాతం దగ్గర భద్రంగా ఆగింది.

అయినా ఏదో ఒకటి నేర్పి తీరాలని పట్టుబట్టేవారికి నా సలహా: సంతకం దగ్గర ఆపండి. వేలిముద్ర వేసే మనిషి అప్పుడప్పుడు ‘ఇందులో ఏం రాశారు సారూ’ అని అడుగుతుంది. సంతకం వచ్చిన మనిషి నామోషీ కొద్దీ అడగదు. పొదుపు సంఘం అప్పు పత్రానికైనా, బడి తీర్మానానికైనా ఇంతకంటే ఆదర్శ పౌరురాలు దొరకదు. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలని అనాలోచితంగా రాసి పెట్టింది. మీటింగు నాడు ఏం జరగాలో అదే జరుగుతోంది: వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన తల్లి, సారు వేలు పెట్టి చూపిన చోట పేరు రాసి, టీ తాగి వెళ్లిపోతుంది. ఆవిడ ఒకవేళ పై నాలుగు వరుసలు చదివితే, గత నెల పిల్లలకు ఎన్ని గుడ్లు వడ్డించినట్టు రాశారో తెలుస్తుంది; ఆ అంకెను ఇంటికెళ్లి కొడుకుతో సరిచూసుకుంటే బడి ప్రశాంతత ఏమవుతుంది?

అసలు ప్రమాదం కొడుకు దగ్గరే ఉంది. కొత్త పథకమైన నవ భారత్ సాక్షరతలో ఐదో తరగతి, ఆపై తరగతుల పిల్లలు కూడా ఇంట్లో పెద్దవాళ్లకు చదువు చెప్పవచ్చట. జీతం అడగడు కాబట్టి వాణ్ని బకాయిలతో ఆపలేం, ఒకే కప్పు కింద ఉంటాడు కాబట్టి కేంద్రం మూసేశామని చెప్పలేం. అందువల్ల కమిటీ తీర్మానాల పుస్తకాన్ని పిల్లల చేతికి అందనంత ఎత్తులో, బీరువా మీద ఉంచాలని ప్రధానోపాధ్యాయులందరికీ వెంటనే ఒక సర్క్యులర్ పంపవలసిందిగా విద్యాశాఖను సవినయంగా కోరుతున్నాను.