వంశం మీద మోపే నింద

రొమ్ము క్యాన్సర్ అనగానే మొదట వంశాన్ని తిరగేయడం అలవాటైంది. 'మా ఇంట్లో ఎవరికీ లేదు' అని ఒకరు ధీమాగా ఉంటే, 'అమ్మకు వచ్చింది, నాకూ తప్పదు' అని మరొకరు కుంగిపోతారు. నిజానికి తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పదే. మిగతావాటిలోనూ చెడేవి జన్యువులే. కాకపోతే ఆ లోపం పుట్టుకతో రాదు, బతికే క్రమంలో రొమ్ము కణాల్లోనే పుడుతుంది.

ఆ కణాలను విభజించమని ఉసిగొల్పేవాటిలో ముఖ్యమైనది ఈస్ట్రోజెన్, ప్రధానంగా అండాశయాల్లో తయారయ్యే స్త్రీ హార్మోన్. కణంలో దాన్ని అందుకునే ప్రొటీన్‌కు, అంటే గ్రాహకానికి అతుక్కుని, డీఎన్‌ఏ మీదకు చేరి, పెరుగుదల జన్యువులను మేల్కొలుపుతుంది. విభజన ఎక్కువైతే డీఎన్‌ఏ నకలులో తప్పులూ ఎక్కువే. రజస్వల త్వరగా కావడం, నెలసరి ఆలస్యంగా ఆగడం ముప్పును పెంచేది అందుకే. 1896లోనే జార్జ్ బీట్సన్ అనే సర్జన్ అండాశయాలు తొలగిస్తే ముదిరిన రొమ్ము కణితులు తగ్గడం గమనించి ప్రకటించారు. అప్పటికి హార్మోన్ అన్న మాటే లేదు!

ఇక బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల పని తెగిన డీఎన్‌ఏను సరిచేయడం. వీటిలో హానికర లోపం ఉన్న మహిళల్లో 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. బీఆర్‌సీఏ2 కణితుల్లో ఎక్కువ భాగం హార్మోన్ గ్రాహకాలున్నవే. బీఆర్‌సీఏ1 కణితుల్లో చాలావాటికి అవి ఉండవు, కాబట్టి ఈస్ట్రోజెన్‌ను గ్రాహకానికి అతుక్కోనివ్వని టామాక్సిఫెన్‌ లాంటి మందు వాటిపై పనిచేయదు. అదే మందు గ్రాహకాలున్న కణితులకు దశాబ్దాలుగా అండ. రొమ్ము క్యాన్సర్లలో అలాంటివే నూటికి డెబ్బైకి పైగా ఉంటాయి.

కణితి స్వభావం తెలియకుండా మందు రాయడం గుడ్డిగా బాణం వేయడమే. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ (మరో స్త్రీ హార్మోన్), హెర్2 (కణాల పెరుగుదలను పెంచే ప్రొటీన్) గ్రాహకాల పరీక్ష ప్రతి రోగికీ తప్పనిసరిగా అందాలన్నది మా స్పష్టమైన అభిప్రాయం. జన్యు పరీక్ష సంగతి వేరు. అది అందరికీ అక్కర్లేదు. చిన్న వయసులో జబ్బు వచ్చినవారికి, కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లున్నవారికి కౌన్సెలింగ్‌తో సహా అందాలి. కుటుంబ చరిత్ర అంటే అమ్మ, అమ్మమ్మలతో ఆపేయరాదు. లోపం తండ్రి వైపు నుంచీ అంతే అవకాశంతో వస్తుంది కనుక నాయనమ్మ, మేనత్తల గురించీ అడగాలి. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో పురుషుడు నూటికి ఒకరే అయినా, అతనికి జన్యు పరీక్ష చేయాల్సిందే. ఫలితం కోసం ఎదురుచూసే కూతుళ్లు, అక్కచెల్లెళ్లు అతని వెనక ఉంటారు.