మణికట్టు నొప్పికి మూడు కాపీలు

మొన్న బీపీ చూపించుకుందామని మా ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. మాది విజయనగరం జిల్లా. సిస్టరమ్మ నా జబ్బకు పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నాలుగు నొక్కులు నొక్కి ఆగిపోయింది. చెయ్యి విదిలించుకుని, బుడ్డిని ఎడమ చేతికి మార్చుకుంది.

"ఏటైనాదమ్మా?" అన్నాను.

"ఏటీ నేదు బావూ. పొద్దున్నించీ మీది డెబ్బయ్యోది. బొటనేలు, పక్క రెండేళ్లూ మొద్దుబారిపోతన్నాయి. రాత్రి తిమ్మిరికి మెలకువొచ్చేస్తంది."

వేళ్లను వంచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) 9, వాటితోపాటు ఒక నరం, అన్నీ కలిసి మణికట్టులోని ఒకే ఇరుకు దారిలోంచి పోవాలి. సంక్రాంతికి పలాస పాసింజరు జనరల్ బోగీ అనుకోండి. చేసిన పనే చేస్తుంటే టెండన్ల చుట్టూ వాపు వస్తుంది, మధ్యలో నరం నలుగుతుంది. పాపం, దానికి టిక్కెట్టుంది గానీ సీటు లేదు.

అయినా ఇంత చిన్నదానికి గొడవెందుకు? పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు ఎప్పుడైనా అడిగారా? ఫార్మసీ కిటికీలో అట్టలోంచి మాత్రలు నొక్కి తీసే అబ్బాయి అడిగాడా? (అతను అడిగాడట. వేడినీళ్లలో పెట్టుకోమన్నారట.)

బాధ్యత గల పౌరుడిగా నివారణకు నాదొక పథకం. గంటకోసారి సిబ్బంది 5 నిమిషాలు చేతులకు విశ్రాంతి ఇవ్వాలి. ఇచ్చినట్టు రిజిస్టరులో రాయాలి: ఏ చెయ్యి, ఏ వేలు, ఎన్ని గంటలకు, నొప్పి తగ్గిందా లేదా. మూడు కాపీలు. తర్వాత అదంతా యాప్‌లో ఎక్కించి, విశ్రాంతి తీసుకుంటున్న చేతి ఫోటో పెట్టాలి. ఆ ఫోటో రెండో చెయ్యి తీస్తుంది గనక దాని విశ్రాంతి మరుసటి గంటకు వాయిదా. సర్వర్ పనిచెయ్యని రోజుల్లో నొప్పి రాకుండా చూసుకోవాలి.

1713లో ఇటలీ వైద్యుడు రమజ్జినీ గుమస్తాల జబ్బులకు మూడు కారణాలు రాశాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరుగా ఆడించడం, తప్పు పోకూడదన్న టెన్షన్. యాప్ చూడని మనిషి కదా, నాలుగోది వదిలేశాడు.

మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ రాత్రిపూట కట్టుకోవడం, పనిని ఇద్దరు ముగ్గురు మార్చుకుంటూ చేయడం, బుడ్డి నొక్కే అవసరం లేని మిషను వాడటం లాంటి దారులు కూడా ఉన్నాయంటారు. వీటిలో రాసుకోడానికి ఏమీ లేదు గనక అధికారులకు ఆనవు.

మిషను మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీట నొక్కితే తనే గాలి ఊదుకునే బీపీ మిషను ఆ గదిలో బీరువాలోనే ఉంది. సెల్లులు లేవు.

"ఇండెంటు పెట్టలేదామ్మా?"

"మూడుసార్లు ఎట్టాను బావూ. మళ్లీ రాసి పంపమన్నారు."

నా బీపీ 150 అని చెప్పి, సిస్టరమ్మ కొత్త ఇండెంటు ముందేసుకుంది. ఈసారి ఎడమ చేత్తో రాస్తోంది. 'సెల్లులు' అన్నచోట ఒక లకారం ఎక్కువ పడింది.